వైజాగు వెళ్ళొచ్చిన చొక్కా

మా గల్లీలో నందు అని ఒక కుర్రాడున్నాడు. వాడి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో జరిగిన పొరపాటులో సగం నాది. నా సగం నేనే ఒప్పేసుకుంటే, మిగతా సగానికి ఇంకొకరిని తిట్టే హక్కు వస్తుందని నా ఆశ.

నా పేరు వైకుంఠం. పురానాపూల్ వంతెన దిగి రెండో గల్లీలో మా తాత పెట్టిన బట్టల దుకాణం నడుపుతున్నాను. దుకాణానికి ఎదురుగా అంజన్ ఇల్లు. ఇల్లంటే ముందర బర్రెల కొట్టం, వెనక రెండు గదులు. కొట్టంలో ఆరు బర్రెలు, గదుల్లో అంజన్, వాళ్ళావిడ రాజమణి, కొడుకు నందు. గల్లీలో సగం ఇళ్ళ చాయ్ ఆ కొట్టంలోంచే వస్తుంది. నేను రోజుకు నాలుగు తాగుతాను. డాక్టరు రెండే తాగమన్నాడు గానీ, ఆయన అంజన్ పాలతో చాయ్ తాగి ఎరగడు.

నందు ఊరి బయట ఏదో కాలేజీలో ఇంజనీరింగ్ మూడో ఏడు. తెల్లవారుజామున లేచి పాలు పితుకుతాడు. తర్వాత ఒక సబ్బుతో స్నానం, ఇంకో సబ్బుతో మళ్ళీ స్నానం, ఆపైన సెంటు. అలా మూడు బస్సులు మారి కాలేజీ గేటు దగ్గర దిగేసరికి వాడు పాలు పోసే అంజన్ కొడుకు కాదు, డైరీ కంపెనీ ఓనరు కొడుకు. కంపెనీలో నలభై మంది పనిచేస్తారట! ఆరు బర్రెల కాళ్ళు ఇరవై నాలుగు, ముగ్గురు మనుషుల కాళ్ళు ఆరు. కాళ్ళన్నీ కలిపినా ముప్పై దాటవు.

ఈ కంపెనీ సంగతి వాడే నాకు చెప్పాడు, నా దుకాణంలో ప్యాంటు గుడ్డ ఎంచుకుంటూ.

"కాకా, జర మంచిది తియ్యి. కంపెనీ ఓనర్ కొడుకు లెక్క కనవడాలె."

"ఏ కంపెనీరా?"

"మాదే కాకా. కాలేజీల గట్ల చెప్పిన."

చెవి పట్టుకుని మెలేశాను. "మీ బాపుకు ఎర్కనా?"

"ఎర్కైతే సంపుతడు. నీ కాల్మొక్త, చెప్పకు కాకా."

చెప్పలేదు. ఆ ప్యాంటు గుడ్డ మాత్రం అమ్మాను. మా వ్యాపారస్తుల నీతి అక్కడికి ఆగుతుంది.

ఇక చొక్కా సంగతి. ఆ ఆరు బర్రెల్లో చమేలీ అని ఒకటుంది. నిరుటి వానాకాలం దాని దూడ చచ్చిపోయింది. దూడ పోయిన బర్రె ఊరికే పాలివ్వదు. పొదుగులో పాలుంటాయి, కానీ దానికి మనసైతేనే కిందికి వదులుతుంది. అలా వదలడాన్ని చేపడం అంటారు. బలవంతంగా పిండితే చుక్కలు రాలతాయి, తన్నులు మాత్రం ధారగా వస్తాయి. ఆ వానాకాలమంతా నందు దాని పక్కనే కూర్చుని, మెడ నిమురుతూ, ఏవో కూతలు కూస్తూ, మెల్లగా మచ్చిక చేసుకున్నాడు. అప్పుడు వాడి ఒంటి మీద ఒక నీలిగళ్ళ చొక్కా ఉండేది. చమేలీకి ఆ చొక్కా వాసనే ప్రాణమైపోయింది. దాన్ని సబ్బుతో ఉతికితే మళ్ళీ మొదటికొస్తుందని, నీళ్ళలో జాడించి కొట్టంలో మేకుకు తగిలించేవాళ్ళు. మీరు నవ్వుకోవచ్చు. పాడి ఉన్న ఇళ్ళల్లో ఇది మామూలే. ఇదే అంజన్, రాజమణి పుట్టింటికి పోయినప్పుడు ఆమె చీర చుట్టుకుని పాలు పితకడం నేను కళ్ళారా చూశాను. కొంగు నెత్తిన కప్పుకుని మరీ పితికాడు. గల్లీలో ఎవరూ నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వాను, దానికి రెండు రోజులు నాకు నీళ్ళపాలు పోశాడు.

ఆ నీలిగళ్ళ గుడ్డ నా దుకాణంలోదే. గుడ్డ తాను చివర అయిదు మీటర్లు మిగిలితే, ముక్కలు ఎవరికి అమ్మాలని, తండ్రికీ కొడుక్కీ ఒకటే కోసి అంటగట్టాను. "తండ్రీకొడుకులు ఒక్క తీరు కనవడుతరు, మస్తుంటది" అని పైగా పొగిడాను. తండ్రి చొక్కా పెళ్ళిళ్ళకు పోయిపోయి పాతబడింది, కొడుకు చొక్కా చమేలీ పాలబడింది. నా సగం పొరపాటు ఇదే. ఇక మిగతా సగానికి రండి.

పరీక్షలయ్యాక నిఖిలేష్ అనే స్నేహితుడు వైజాగు ప్రయాణం పెట్టాడు. సైదాబాద్ పిల్లవాడు, తండ్రికి రెండు కార్లు, వాడికి వంద ఆలోచనలు. ఏడు రోజుల సాహసయాత్ర అట. రోజుకొక సాహసం చొప్పున కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి అందరికీ పంపాడు. మొత్తం ఏడుగురు, అందులో కీర్తిప్రియ అనే అమ్మాయి కూడా. ఆ అమ్మాయి పేరెత్తితే నందు అవసరం లేకపోయినా జుట్టు సవరించుకునేవాడు.

సముద్రం అనేసరికి అంజన్ ఇంట్లో లొల్లి. "ఏడు దినాలా? చమేలికి పాలెవలు పిండుతరు, నీ సముద్రమా?" అని తండ్రి. "పుట్టి ఇరవై ఏండ్లాయె. పిల్లగాడు మూసీ తప్ప ఇంకో నీళ్ళ మొఖం సూసిండా?" అని తల్లి. మూసీ మాట తీస్తే మా గల్లీలో ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం ఉండదు. చివరికి ఒప్పందం కుదిరింది. చొక్కా మేకు మీదే ఉంటుంది. ఆ ఏడు రోజులూ అంజన్ అది తొడుక్కుని పాలు పిండుతాడు. పది రోజుల ముందునుంచే నందు తండ్రికి శిక్షణ ఇచ్చాడు. కొడుకు చొక్కాలో తండ్రి, పక్కన నిలబడి కొడుకు: "గట్ల గాదు బాపూ, మెడ కింద గోకు. జర ముద్దుగ పిలువు." ముప్పై ఏళ్ళుగా పాలు పిండుతున్న మనిషి అన్నీ మింగి ఊరుకున్నాడు. మూడో రోజుకు చమేలీ చేపింది. గల్లీ అంతా ఊపిరి పీల్చుకుంది.

బయల్దేరే శనివారం రాజమణి సంచి సర్దింది. ఆమెకొక నమ్మకం. కొత్త బట్టల నడుమ ఒక పాతది పెట్టకపోతే దిష్టి తగులుతుంది. అందులోనూ నీళ్ళ మీదికి పోతున్న బిడ్డ, కాబట్టి తండ్రి తొడిగిన చొక్కా అయితే తండ్రి వెంట ఉన్నట్టే. ఆ మధ్యాహ్నం తండ్రి చొక్కా ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, కొడుకు చొక్కా కొట్టంలో మేకు మీద ఉంది. మబ్బు పట్టి చినుకులు పడితే, తీగ మీది చొక్కా తడుస్తుందని అంజనే తీసి మేకుకు తగిలించాడు. ఒకే మేకు, ఒకే నీలిగళ్ళు, రెండు చొక్కాలు. రాజమణి చెయ్యి ఏది అందితే అది లాగింది. వాసన తెలియదా అంటారేమో. ఆ ఇంట్లో ఏ బట్టకు లేదు వాసన? పైగా ఆ రోజు ఆమెకు జలుబు.

అలా చమేలీ చొక్కా రైలెక్కింది.

వైజాగులో జరిగింది నందు చెప్పినదే. వాడు చెప్పని చోట నేను ఊహించాను, ఊహ నిజమేనని వాడే తర్వాత ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున లాడ్జిలో దిగారు. గదిలోకి అడుగుపెట్టిన పావుగంటకే నిఖిలేష్ ముక్కు మూసుకున్నాడు. "ఎలుక చచ్చినట్టుంది భాయ్." మేనేజరు వచ్చి మంచాలు ఎత్తించి చూశాడు. ఎలుక లేదు. గది మార్చారు. ఎలుక కూడా గది మారింది. మేనేజరు ఉద్యోగ జీవితంలో గిరాకీల వెంట నడిచే ఎలుకను అదే మొదటిసారి చూడటం అట. ఆ వాసన మొదటి క్షణంలోనే గుర్తుపట్టినవాడు అక్కడ ఒక్కడే. వాడు బాత్రూములోకి సంచి పట్టుకెళ్ళి తెరిచి చూసుకుని, నెత్తి పట్టుకుని బకెట్ మీద కూర్చున్నాడు.

అప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు వెధవ! చేస్తే బర్రె మాట ఎత్తాలి. పక్క గదిలో కీర్తిప్రియ, ఈ గదిలో నిఖిలేష్. నలభై మంది పనివాళ్ళున్న కంపెనీలో ఓనరు కొడుకు చొక్కా లేక ఒక బర్రె పాలివ్వదని ఎవరికి చెప్పుకుంటాడు? చొక్కాను ప్లాస్టిక్ కవరులో పెట్టి మూడు ముళ్ళు వేసి మంచం కిందికి తోశాడు. "బాపు ఎట్లనో తిప్పల పడుతడు" అనుకుని సముద్రం చూడ్డానికి పోయాడు.

సాహసాలు కూడా కొన్ని జరిగాయి. మొదటి రోజు సాహసం, హైదరాబాద్ లాంటి బిర్యానీ వెతకడం. నాలుగు హోటళ్ళు తిరిగి, నాలుగుచోట్లా తిని, నాలుగుచోట్లా బాగాలేదని తీర్మానించారు. సముద్రాన్ని మాత్రం చీకటి పడ్డాక చూశారు. రెండో రోజు నీళ్ళలో మునిగి చేపలను చూసే సాహసం. మెడ లోతు నీళ్ళలో ఒకాయన చెయ్యి పట్టుకుని ముంచాడట. చేపలు కనిపించలేదు. నిఖిలేష్ కాళ్ళు కనిపించాయట.

ఇక్కడ మా దగ్గర ఆదివారం పొద్దున అంజన్ చొక్కా తొడుక్కుని, పదిరోజుల పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పుతూ చమేలీ పక్కన కూర్చున్నాడు. చమేలీ వాసన చూసింది, మొహం తిప్పేసుకుంది, బకెట్ తన్నింది. సాయంత్రం మళ్ళీ అంతే. సోమవారం మళ్ళీ అంతే. అరలీటరు పిండడానికి ఆరు తన్నులు. సోమవారం సాయంత్రానికి పొదుగు రాయిలా గట్టిపడింది. చెయ్యి పెడితే కాలుతోంది. చమేలీ మేత ముట్టడం మానేసి, వెనక కాళ్ళు ఎడం చేసుకుని అలా నిలబడిపోయింది. మూగజీవి, బాధ చెప్పుకోలేదు. చూడలేకపోయాను.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "రేపు పొద్దుగాల పాలు దిగాలె అంజన్. దిగకుంటె పొదుగు పోతది. సూది ఇమ్మంటె ఇప్పుడే ఇస్త, సేపుతది."

"సూదొద్దు సార్" అన్నాడు అంజన్. "ఒక్కపారి సూదికి మరిగితె ఇగ రోజు సూదే. మా కొట్టంల ఎన్నడు సూది పెట్టలే. రేపటి దాంక ఆగుండ్రి."

"రేపు కూడ దిగకుంటె?"

"గప్పుడు పెట్టుండ్రి" అని తల వంచుకున్నాడు.

నేను దీపం వెలుగులో అంజన్ చొక్కా చూస్తున్నాను. బట్టల వ్యాపారిని, ఎవరికేం పోతున్నా నా చూపు గుడ్డ మీదికే పోతుంది. గుండీలు తెల్లవి. నందు చొక్కాకు దర్జీ నల్లగుండీలు కుట్టాడని నాకు బాగా గుర్తు. "అంజన్, గిది నీ చొక్కా గదనే!" అన్నాను. అంజన్ కాలరు ఎత్తి చూసుకున్నాడు. గుమ్మంలో రాజమణి రెండు చేతులా నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా చేతులిరగ! నేనే సంచిల పెట్టిన! నీదనుకోని పెట్టిన!"

అప్పటినుంచి నందుకు ఫోన్ల మీద ఫోన్లు. వాడు ఆదివారం నుంచే ఎత్తడం లేదు. ఒకసారి 'నెట్‌వర్క్ లేదు' అని మెసేజ్ పెట్టాడు. నెట్‌వర్క్ లేకుండా ఆ మెసేజ్ ఎలా వచ్చిందో అంజన్ అడగలేదు. ఆయనకు రాయడం రాదు కాబట్టి గొంతు రికార్డు చేసి పంపాడు. ఒకటి, రెండు, మూడు. నందు అవి విననేలేదు. చుట్టూ దోస్తులుంటే ఎలా వింటాడు? తండ్రి గొంతు వెనక బర్రె అరిస్తే?

ఇంతలో అక్కడ నిఖిలేష్ మంచం కింద కవరు పట్టుకున్నాడు. "దొరికింది భాయ్, ఎలుక!" అని విప్పి చూసి, నందుది పాత చొక్కా పాపం అనుకుని, స్నేహధర్మంగా లాడ్జిలో ఉతకడానికి వేశాడు. సాయంత్రానికి అది ఇస్త్రీ అయి, మల్లెపూల వాసన కొడుతూ హ్యాంగర్‌కు వేలాడింది. ఏడాది పాటు కాపాడుకున్న వాసన గంటలో పోయింది.

మంగళవారం వచ్చింది. నిఖిలేష్ కాగితంలో మూడో రోజు సాహసం ఏమిటో తెలుసా? పల్లె అనుభూతి! భీమిలి దారిలో ఎవరో రిసార్టు పెట్టారు. పొద్దున్నే వెళితే తెల్లపంచె కట్టి, తలకు పాగా చుట్టి, బర్రె దగ్గర కూర్చోబెట్టి పాలు పితికిస్తారు. ఫొటోలు తీస్తారు. దానికి టికెట్టు. మా నందు, పాల కొట్టంలోంచి తప్పించుకుందామని ఆరువందల కిలోమీటర్లు పోయిన ఆ నందు, టికెట్టు కొనుక్కుని, పాగా చుట్టించుకుని, పాలు పితకడం నేర్చుకోవడానికి వరసలో నిలబడ్డాడు. ఇది విన్న రోజు నవ్వీ నవ్వీ నాకు దగ్గు వచ్చింది.

ముందుగా నిఖిలేష్ కూర్చున్నాడు. చేతులకు నెయ్యి రాసిచ్చారు. వాడు పిండిన తీరుకు ఆ బర్రె వెనక్కి తిరిగి చూసింది. అక్కడి పనామె, "ఏటి బాబూ, గంట కొట్టినట్టు లాగీత్తే పాలొస్తాయేటి?" అంది. నందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది తన పని కాదని చేతులకు చెప్పుకుంటున్నాడు.

సరిగ్గా ఆ వేళకు నేను పాలగిన్నె పట్టుకుని అంజన్ కొట్టంలో ఉన్నాను. గిన్నె ఊరికే అలవాటుకు పట్టుకెళ్ళాను. రెండు రోజులుగా మా ఆవిడ విజయలక్ష్మి ప్యాకెట్ పాలతో చాయ్ పెడుతోంది, దాని గురించి రాస్తే సంసారం చెడుతుంది. డాక్టరు సూది సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. చమేలీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నందు ఫోన్ ఎత్తలేదు. రాజమణి అప్పుడు గుర్తొచ్చి గోడ మీది క్యాలెండర్ చూపించింది. అవసరం పడితే చెయ్యమని పోయేముందు నందు దాని మీద నిఖిలేష్ నంబరు రాసి పోయాడు. అంజన్ ఆ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. ఎప్పుడూ స్పీకరే పెడతాడు, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి.

అక్కడ నిఖిలేష్ చేతుల నిండా నెయ్యి. కీర్తిప్రియ ఫోన్ తీసి స్పీకర్ నొక్కి వాడి ముందు పట్టుకుంది.

"బాబూ, నందు ఉన్నడా? జర అర్జెంట్" అన్నాడు అంజన్.

"ఉన్నాడు. మీరు వాళ్ళ డైరీ కంపెనీ నుంచా?" అంది నిఖిలేష్ గొంతు. "అక్కడ వర్కరా?"

నేను అంజన్ మొహం చూస్తున్నాను. పాల క్యాన్ల వైపు చూశాడు, పేడ అంటిన తన కాళ్ళ వైపు చూశాడు. అంతా అర్థమైపోయింది. కోపం వస్తుందనుకున్నాను. అంజన్ కోపం నాకు తెలుసు, గల్లీకంతా తెలుసు.

"అవు సార్" అన్నాడు. "కంపెనీకెళ్ళే. నేను గీడ పనిచేసేటోన్ని. మా సేట్ కొడుక్కు జర ఫోన్ ఇయ్యుండ్రి సార్. మీకు పున్నెముంటది."

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నా చేతిలో గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ అబద్ధానికి చెవి మెలేసి ఊరుకుని, ప్యాంటు గుడ్డ కొలిచి ఇచ్చింది నేనే గదా.

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత నందు గొంతు వచ్చింది. "బాపూ."

అంజన్ చమేలీ మెడ మీద చెయ్యి వేశాడు.

"బాపూ, సార్ ఏంది? వాడు నా దోస్తు. వాన్ని సార్ అంటవా నువ్వు?" ఆ తర్వాత మాటలు మాకు కాదు, అక్కడి వాళ్ళకు చెబుతున్నాడు. కానీ స్పష్టంగా వినిపించాయి. "ఈయన మా బాపు. కంపెనీ లేదు, గింపెనీ లేదు. పురానాపూల్ కాడ ఆరు బర్రెలున్నయి. పనిచేసేటోన్ని నేను. మా బాపు దగ్గర."

"గవన్నీ తర్వాత" అన్నాడు అంజన్. "చమేలి సస్తుందిరా. రెండు దినాలాయె సేపక. పిలువు."

ఫోన్ తీసుకెళ్ళి చమేలీ చెవి దగ్గర పెట్టాడు. రిసార్టులో, పంచె కట్టుకుని, పాగా చుట్టుకుని, కీర్తిప్రియ ముందర, టికెట్టు కొన్న ఇంకో ఇరవై మంది ముందర, మా నందు గొంతెత్తి పిలిచాడు. "చమేలీ... ఓ... ఓ... రా బిడ్డా... నా తల్లీ... ఓ..." నాలుకతో టక్‌టక్‌మనిపించాడు. మళ్ళీ పిలిచాడు. ఏడుస్తూ పిలిచాడు.

చమేలీ చెవులు కదిలాయి. తల తిప్పింది. కొట్టమంతా వెతికినట్టు చూసింది. అంజన్ గోరువెచ్చని నీళ్ళతో పొదుగు తుడుస్తూ కూర్చున్నాడు. "ఆపకురా, పిలుస్తనే ఉండు" అన్నాడు. నందు ఆపలేదు. చమేలీ వీపు మీద చర్మం ఒకసారి వణికింది, వెనక కాళ్ళు కాస్త దగ్గరకు తెచ్చుకుంది. బకెట్‌లో మొదటి ధార పడ్డ చప్పుడు నేను చచ్చేదాకా మరిచిపోను. మొదట విరిగిన పాలు వచ్చాయి, తర్వాత మంచివి. డాక్టరు సూది సంచిలో పెట్టేసుకున్నాడు. రాజమణి చమేలీ మెడ పట్టుకుని ఏడ్చింది. నా కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. అవి చాయ్ కోసమని మా విజయలక్ష్మి అంటుంది. అననీ.

అవతల ఇంకో వింత జరిగిందట. నందు కూతలకు ఆ రిసార్టు బర్రె కూడా చేపేసింది. నిఖిలేష్ ఇంకా దాని కిందే ఉన్నాడు. బకెట్ ఎక్కడో ఉంది, పాలు వాడి పంచె మీద పడ్డాయి. "ఓలమ్మో, ఈ బాబు పనోడే!" అని పనామె బుగ్గలు నొక్కుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, సెలవుల్లో వచ్చి పనిచేస్తావా అని అడిగాడు.

అదే రోజు బస్సెక్కి వచ్చేస్తానన్నాడు నందు. అంజన్ ఒప్పుకోలేదు. "వారమన్నవ్, వారముండు. సముద్రం మల్ల మల్ల సూస్తవా? పొద్దుగాల, పొద్దూకి ఫోన్ చెయ్యి, సాలు." ఇక మిగిలిన నాలుగు రోజులూ రెండు పూటలా వాడు ఎక్కడుంటే అక్కడినుంచి చమేలీని పిలిచాడు. పడవలో ఉన్నప్పుడు కీర్తిప్రియ ఫోన్ పట్టుకుందట. పడవవాడు తనను పిలుస్తున్నాడనుకుని రెండుసార్లు వెనక్కి తిప్పాడట. నందు అబద్ధం చెప్పాడని నిఖిలేష్‌కు ఒక పూట కోపం వచ్చింది. రెండో పూటకు 'మా దోస్త్ బర్రెతో మాట్లాడతాడు' అని వీడియో పెట్టాడు. అందులో బర్రె లేదు, నందు పావువంతు ఉన్నాడు, మిగతాదంతా నిఖిలేష్ మొహమే. అయినా వేలమంది చూశారు. కీర్తిప్రియ మాత్రం ఒక్కటే అడిగిందట. "నలభై మంది అని ఎందుకు చెప్పావ్ నందూ? ఇరవై అన్నా నమ్మేవాళ్ళం కదా." ఆ అమ్మాయి తెలివైనది.

మరుసటి ఆదివారం పొద్దున నందు ఇంటికొచ్చాడు. ఎండకు నల్లబడి, చెవుల్లో ఇసుకతో, సంచి అక్కడే పడేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొట్టంలోకి పరుగెత్తాడు. చమేలీ వాసన చూసింది. మల్లెపూలు, ఉప్పుగాలి. ఎత్తి ఒక్కటి తన్నింది. వాడు పేడలో కూర్చున్నాడు. అది అంజన్ జేబులోని ఫోన్ వైపు చూస్తోంది. నాకు నవ్వు ఆగలేదు, వాడి మొహం చూసి ఆపుకున్నాను. ఏడ్చేట్టున్నాడు.

అంజన్ తన ఒంటి మీది తెల్లగుండీల చొక్కా విప్పాడు. వారం రోజులుగా అదే తొడుక్కుని పిండుతున్నాడు, నీళ్ళలో జాడించను కూడా లేదు. కొడుకు చేతికిచ్చాడు. నందు తొడుక్కున్నాడు. చేతులు కాస్త పొట్టి. చమేలీ మళ్ళీ వాసన చూసి, కాలరు నాకి, మెల్లగా చేపింది.

రాజమణి గడప మీద కూర్చుంది. "సముద్రం ఎట్లుందిరా?"

"మస్తుందే అమ్మా. ఉప్పగ." కాసేపు పిండి, తల ఎత్తకుండానే అడిగాడు. "బాపూ, ఆ దినం ఫోన్‌ల గట్లెందుకన్నవ్? తిట్టకపోయినవా నన్ను?"

అంజన్ ఒంటి మీద బనీనుతో నిలబడి గడ్డి విదిలిస్తున్నాడు. "నువ్వాల్లకేం చెప్పుకున్నవో నాకెర్కలేదురా. నీ మాట అబద్ధం గావొద్దనుకున్న, గంతే."

నందు చమేలీ పొట్టకు నుదురు ఆనించి పిండుతూనే ఉన్నాడు. బకెట్ నిండి, నురగ అంచు దాటి కిందికి కారుతున్నా వాడు తల ఎత్తలేదు. నేను గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ పూట పాలు తర్వాత తీసుకుందామని ఖాళీ గిన్నెతో ఇంటికి వచ్చేశాను.